సైన్యంలో ఉండగానే బీకాం

కాలేజీ మెట్లెక్కకుండా, సైన్యంలో కొలువు మానకుండా వాణిజ్యంలోనో మేనేజ్‌మెంట్‌లోనో డిగ్రీ పట్టా తెచ్చుకోవడం ఇవాళ సైనికుడికి సాధ్యమే. అందుకు ఆధారం క్రెడిట్ల పద్ధతి. ఇందులో చదువును ఏళ్లతో కాక గంటలతో కొలుస్తారు. సుమారు 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్. పాఠం వినడం, పుస్తకం చదవడం, లెక్కలు చేయడం, పరీక్షకు తయారవడం అన్నీ ఆ 30 గంటల్లోకే వస్తాయి. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, నిర్ణయించింది.

సైనికుడికి ఈ లెక్క వల్ల కలిగే మేలు పెద్దది. పాత వార్షిక పరీక్షల పద్ధతిలో ఏడాదంతా చదివి, సరిగ్గా పరీక్షల వేళకు సరిహద్దుకు పోస్టింగ్ వస్తే ఆ ఏడాది పోయినట్టే. క్రెడిట్ల పద్ధతిలో ఒక పేపరు పాసైతే దాని క్రెడిట్లు అతని ఖాతాలో పడతాయి. సికింద్రాబాద్ నుంచి జోధ్‌పూర్‌కు, అక్కడి నుంచి లేహ్‌కు బదిలీ అయినా ఆ జమ ఎక్కడికీ పోదు. చదువు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది.

సైనికుల చదువును ఇలా తూకం వేయడం పెద్ద ఎత్తున మొదలైంది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో సైనికుల కోసం ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పే సంస్థ ఒకటి వెలిసింది. యుద్ధం ముగిశాక లక్షల మంది సైనికులు కాలేజీల వైపు మళ్లారు. సైన్యంలో వాళ్లు నేర్చుకున్నదానికి ఎన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఒక మార్గదర్శినిగా కూర్చి కాలేజీల ముందు పెట్టింది. 1967లో క్లెప్ పరీక్షలు వచ్చాయి. ఒక సబ్జెక్టు తనకు ముందే తెలుసని నమ్మే వ్యక్తి తరగతికి వెళ్లకుండా గంటన్నర పరీక్ష రాస్తాడు. 20 నుంచి 80 వరకు ఉండే స్కేలు మీద 50 తెచ్చుకుంటే చాలా కాలేజీలు ఆ సబ్జెక్టు క్రెడిట్లు ఇచ్చేస్తాయి. ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజ్‌మెంట్ సూత్రాలు, మార్కెటింగ్ సూత్రాలు, వ్యాపార చట్టం, సూక్ష్మ, స్థూల ఆర్థికశాస్త్రాలు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే బిజినెస్ డిగ్రీ తొలి భాగంలో మంచి వాటాను పరీక్షలతోనే దాటవచ్చు. సర్వీసులో ఉన్నవారికి ఈ పరీక్ష ఫీజును అక్కడి రక్షణ శాఖ భరిస్తుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్ రాష్ట్రాల్లో 1970ల తొలి ఏళ్లలో పుట్టిన మూడు విద్యాసంస్థలు ఇలాంటి క్రెడిట్లను ఒకచోట చేర్చి పట్టా ఇవ్వడాన్నే తమ ప్రధాన పనిగా పెట్టుకున్నాయి.

మన దేశంలో అచ్చంగా అలాంటి ఏర్పాటు లేదు. నాకు తెలుసు, పరీక్ష పెట్టండి, క్రెడిట్ ఇవ్వండి అని సైనికుడు అడిగితే సరేననే జాతీయ పరీక్ష ఇక్కడ లేదు. ఇక్కడి పద్ధతి వేరు. సర్వీసులో పొందిన శిక్షణకు కొన్ని క్రెడిట్లు, విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షలకు మిగతా క్రెడిట్లు, రెండూ కలిస్తే డిగ్రీ. ఈ పద్ధతికి పునాది అయిన దూరవిద్య చరిత్రలో తెలుగునేలకు చెప్పుకోదగ్గ చోటుంది.

హైదరాబాద్‌లో మొదలైన దారి

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో పుట్టింది. అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన ఆచార్య జి. రామిరెడ్డి దీనికి తొలి వైస్ చాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ ఆయనే. ఇంటర్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలును అంబేడ్కర్ విశ్వవిద్యాలయం మొదట్లోనే కల్పించింది. పదో తరగతితోనే సైన్యంలో చేరిన ఎందరికో ఆ రోజుల్లో డిగ్రీ వైపు తెరుచుకున్న తలుపు అదే. ఇప్పటి నిబంధనలు డిగ్రీకి ఇంటర్ స్థాయి చదువు ఉండాలంటున్నాయి కాబట్టి ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు.

తెలుగు మాధ్యమంలో బీకాం చదవాలనుకునే జవానుకు ఇప్పటికీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయమే సహజమైన ఎంపిక. హయత్‌నగర్‌లోనో ఇబ్రహీంపట్నంలోనో తెలుగు మాధ్యమంలో ఇంటర్ పూర్తి చేసి, ఆర్మీ ర్యాలీలో ఎంపికై వెళ్లిన కుర్రాడికి అకౌంట్స్ పాఠం మాతృభాషలో చదవడం, ఇంగ్లిషులో చదవడం ఒకటి కావు. అయితే ఇందులో ఒక చిక్కుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన పరిధి దాటి అధ్యయన కేంద్రాలు నడపకూడదని యూజీసీ నిబంధన. పంజాబ్‌లోనో అస్సాంలోనో పనిచేస్తున్న సైనికుడు అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పరీక్ష రాయాలంటే సెలవు పెట్టి ఇంటికి రావాలి. జవానుకు ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు ఉంటుంది. అది పరీక్షల తేదీలతో కలిసి వస్తుందన్న హామీ లేదు. కలిసి వచ్చినా, ఏడాదికోసారి ఇంటికొచ్చిన మనిషి ఆ రోజుల్ని పరీక్ష హాల్లో గడపడం ఇంట్లోవాళ్లకూ కష్టమే. ఇంట్లో పసిపిల్లలుంటే మరీను.

అందుకే దేశమంతటా పరీక్షా కేంద్రాలున్న ఇగ్నో వైపే సైనికులు ఎక్కువగా మొగ్గుతారు. సైన్యం, నౌకాదళాల కోసమే ఇగ్నో కొన్ని ప్రత్యేక ప్రాంతీయ కేంద్రాలను గుర్తించింది. సైన్యానికి కమాండ్ ప్రధాన కార్యాలయాల్లోనూ, నౌకాదళానికి విశాఖపట్నంతో పాటు ముంబై, కొచ్చి, ఢిల్లీల్లోనూ ఇవి ఏర్పడ్డాయి. ఇగ్నోలో ప్రతి కోర్సుకూ మార్కులు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు సాధారణంగా 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. ఆ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ జరుగుతాయి. పరీక్ష ఫారం నింపేటప్పుడు ఎక్కడ రాయాలో అభ్యర్థే ఎంచుకుంటాడు. జూన్‌లో ఆపరేషన్ డ్యూటీ పడి పరీక్ష తప్పితే డిసెంబర్‌లో రాసుకోవచ్చు. మూడేళ్ల డిగ్రీని పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఆరేళ్ల గడువుంటుంది. ప్రాంతీయ కేంద్రం మార్చుకోవాలంటే దరఖాస్తు పెడితే సరిపోతుంది.

పుస్తకాలు ఏ చిరునామాకు తెప్పించుకోవాలన్నది చూడటానికి చిన్న విషయమే గాని, ఎంతోమంది చదువు ఆగిపోయేది ఇక్కడే. యూనిట్ కదిలిపోయాక పాత చిరునామాకు వచ్చిన పార్సిల్ వెనక్కి పోతుంది. ఇంటి చిరునామా ఇచ్చి, పాఠాలను ఇగ్నో డిజిటల్ భాండాగారం ఈ-జ్ఞాన్‌కోశ్ నుంచి ఫోన్‌లోకి దించుకోవడం నయం. నెట్‌వర్క్ లేని చోటుకు వెళ్లే ముందే దించి పెట్టుకోవాలి.

డిగ్రీ కాని సమానార్హత

సైన్యంలో పదిహేనేళ్లు చేస్తే డిగ్రీ వచ్చినట్టే అన్న మాట ఊళ్లలో తరచు వినిపిస్తుంది. అందులో సగమే నిజం. 1986లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, పదో తరగతి పాసై గాని, సైన్యం ఇచ్చే ప్రత్యేక విద్యా సర్టిఫికెట్ లేదా నౌకాదళం, వైమానిక దళాల్లో దానికి సమానమైనది ఉండి గాని, కనీసం 15 ఏళ్ల సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ఉద్యోగాలకు పరిగణించవచ్చు. సాంకేతిక, వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని ఉద్యోగాలకే ఇది వర్తిస్తుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టులకు మాజీ సైనికులు డిగ్రీ లేకుండా దరఖాస్తు చేయగలుగుతున్నది ఈ వెసులుబాటుతోనే. ఆ బ్యాంకుల్లో గ్రూప్ సి పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయిస్తారు కాబట్టి ఇది వేల కుటుంబాలకు అన్నం పెట్టిన నిబంధన.

కాని ఇది పట్టా కాదు. బ్యాంకులో ఆఫీసరు పరీక్షకు ఇది పనికిరాదు. ఎంబీఏలో చేరడానికి పనికిరాదు. క్లర్కుగా చేరిన తర్వాత ప్రమోషన్‌కు డిగ్రీ అడిగితే అక్కడ మళ్లీ మొదటికొస్తుంది. సర్వీసు మొత్తం డిగ్రీ మాట తలపెట్టకుండా, రిటైరయ్యాక నలభై ఏళ్ల వయసులో బీకాం మొదటి సంవత్సరం పుస్తకం తెరిచిన మాజీ సైనికుల కష్టం వెనుక ఉన్నది ఈ అపోహే.

2022లో అగ్నిపథ్ వచ్చాక ఈ నిబంధనకు మరో కోణం తోడైంది. ఆ ఏడాది జూన్ 14న ప్రకటించిన ఈ పథకంలో అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లు. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకు మాత్రమే రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. మిగతావారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఇంటికి వస్తారు. వారికి పదిహేనేళ్ల సమానార్హత అందదు. అంటే నాలుగేళ్లు చేసి వచ్చే కుర్రాడికి డిగ్రీ అవసరం, పదిహేడేళ్లు చేసి వచ్చిన అతని మేనమామకు ఉన్నదానికన్నా ఎక్కువ.

సగం సర్వీసుకు, సగం పరీక్షకు

పథకం ప్రకటించిన మరునాడే, జూన్ 15న, కేంద్ర విద్యాశాఖ అగ్నివీర్ల కోసం మూడేళ్ల నైపుణ్య ఆధారిత డిగ్రీని ప్రకటించింది. దాన్ని నడిపేది ఇగ్నో. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో 50 శాతం సైన్యంలో పొందిన సాంకేతిక, సాంకేతికేతర శిక్షణ నుంచే వస్తాయి. మిగతా 50 శాతం అభ్యర్థి ఎంచుకున్న సబ్జెక్టుల నుంచి, పర్యావరణ అధ్యయనం, ఇంగ్లిషులో భావవ్యక్తీకరణ వంటి కోర్సుల నుంచి రావాలి. బీకాం అప్లైడ్ స్కిల్స్ ఇందులో ఒకటి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మీద, పర్యాటక నిర్వహణ మీద బీఏ అప్లైడ్ స్కిల్స్ కూడా ఉన్నాయి. సొంత వ్యాపారం పెట్టాలనుకునేవారికి ఈ రెండూ దగ్గరి చదువులు. మధ్యలో మానేసినా మొదటి ఏడాది పూర్తయితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇస్తారు. పదో తరగతితో చేరినవారు పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్‌ను జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా ముందు తెచ్చుకుంటారు.

120 క్రెడిట్ల డిగ్రీ అనుకుందాం. సగం, అంటే 60 క్రెడిట్లు, సర్వీసు శిక్షణకు పోతే మిగిలేవి 60. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున 1,800 గంటల చదువు. మూడేళ్లకు పంచితే ఏడాదికి 600 గంటలు, రోజుకు గంటా నలభై నిమిషాలు. శిక్షణ నడిచే ఆరేడు నెలల్లో అది కుదిరే పని కాదు. తెల్లవారుజామున లేచి రాత్రి పడుకునే దాకా ఊపిరి సలపదు. యూనిట్‌కు చేరాక శాంతి ప్రాంతంలో పోస్టింగ్ అయితే రోజుకు రెండు గంటలు దొరుకుతాయి. ఫీల్డ్ పోస్టింగ్‌లో గార్డు డ్యూటీల మధ్య దొరికినంతే. కాబట్టి శాంతి ప్రాంతంలో ఉన్న నెలల్లోనే ఎక్కువ పేపర్లు రాసి గట్టెక్కడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

సర్వీసుకు క్రెడిట్లు ఇవ్వడాన్ని దయగా చూసేవారున్నారు. అది సరికాదు. సికింద్రాబాద్‌లోని ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ కేంద్రంలో సామగ్రి నిర్వహణ నేర్చుకున్న జవాను పని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. స్టోరులోకి వచ్చిన ప్రతి దుప్పటికీ రసీదు వోచరు, బయటికి వెళ్లిన ప్రతిదానికీ ఇష్యూ వోచరు, రెండూ లెడ్జరులో ఎక్కాలి. లెడ్జరు నిల్వకూ అరల్లో ఉన్న నిల్వకూ తేడా వస్తే జవాబు చెప్పాలి. సరుకు ఎప్పుడు తెప్పించాలి, ఎంత నిల్వ ఉంచాలి, ముందు వచ్చినదాన్ని ముందు ఎలా పంపాలి అన్నవి బీకాం విద్యార్థి పుస్తకంలో చదివితే, అతను చేతులతో చేస్తాడు. ఆఫీస్ అసిస్టెంట్, స్టోర్ కీపర్ టెక్నికల్ విభాగంలో చేరడానికే ఇంటర్‌లో ఇంగ్లిషుతో పాటు గణితంలో గాని అకౌంట్స్‌లో గాని కనీసం 50 శాతం మార్కులు అడుగుతారు.

అయితే పరీక్షతోనే రావలసిన భాగమూ ఉంది, అదీ న్యాయమే. యూనిట్ స్టోరు లెడ్జరు సంఖ్యలు చూస్తుంది, ధరలు చూడదు. నూరు దుప్పట్లు వచ్చాయి, నలభై వెళ్లాయి, అరవై ఉన్నాయి అంటే అక్కడ లెక్క సరిపోయింది. లాభం, నష్టం, తరుగుదల, వడ్డీ అక్కడ రావు. యూనిట్ క్యాంటీన్‌లో పనిచేసినవాడికి మాత్రం కొంత తెలిసి ఉంటుంది. ఒక క్యాంటీన్‌లో నెల మొదట 20 వేల రూపాయల సరుకుంది, నెలలో 3 లక్షల సరుకు కొన్నారు, నెలాఖరున 50 వేల సరుకు మిగిలింది అనుకుందాం. అమ్ముడైన సరుకు ఖరీదు 2 లక్షల 70 వేలు. అమ్మకం 2 లక్షల 85 వేలైతే స్థూల లాభం 15 వేలు. నెలాఖరు నిల్వను పొరపాటున 60 వేలుగా రాస్తే అమ్మిన సరుకు ఖరీదు 2 లక్షల 60 వేలకు తగ్గి, లేని లాభం పదివేలు పుస్తకంలో పుట్టుకొస్తుంది. ఈ నెల పెరిగిన ఆ పదివేలే వచ్చే నెల ప్రారంభ నిల్వగా వెళ్లి, అప్పటి లాభాన్ని అంతే కోసేస్తుంది. నిల్వ లెక్కించడం తెలిసిన మనిషికి ఆ నిల్వ లాభాన్ని ఎలా మారుస్తుందో తెలియాలంటే అకౌంటెన్సీ పుస్తకం పట్టాల్సిందే. సర్వీసు సగం, పరీక్ష సగం అన్న విభజనకు అర్థం ఇక్కడ దొరుకుతుంది.

ఈ ఆలోచన అగ్నిపథ్‌తో పుట్టింది కాదు. 2009లోనే సైన్యం, ఇగ్నో కలిసి జ్ఞాన్‌దీప్ పేరుతో ఒప్పందం చేసుకున్నాయి. శిక్షణ కేంద్రాలను కమ్యూనిటీ కళాశాలలుగా గుర్తించి, సర్వీసు శిక్షణను క్రెడిట్లుగా మార్చి అసోసియేట్ డిగ్రీ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. సివిల్ ఉద్యోగ ప్రకటనలు అడిగేది బ్యాచిలర్ డిగ్రీ కాబట్టి, అక్కడితో ఆగినవారికి దాని ప్రయోజనం పరిమితమైంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా రక్షణ దళాలతో ఒప్పందం చేసుకుని, సర్వీసు శిక్షణను లెక్కలోకి తీసుకుని మానవ వనరుల నిర్వహణలో బీఏ పట్టా ఇస్తోంది. సెక్షన్‌ను నడిపిన హవల్దారుకు, కంపెనీలో వందమంది సెలవులు, డ్యూటీలు, తగాదాలు చూసిన సుబేదారుకు మానవ వనరుల నిర్వహణ కొత్త పేరున్న పాత పనే.

ఆఫీసర్లకు ఎం.ఎం.ఎస్.

మేనేజ్‌మెంట్ చదువు, సైనిక సర్వీసు ఒకే తరగతి గదిలో కలిసే చోటు సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురిలో ఉంది. అదే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్. 1970 డిసెంబర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌గా మొదలై 1980లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. త్రివిధ దళాల సీనియర్ ఆఫీసర్లు, ప్రధానంగా కల్నల్, దానికి సమానమైన ర్యాంకుల వారు, ఇక్కడ హయ్యర్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తారు. మిత్రదేశాల ఆఫీసర్లూ వస్తారు. దాదాపు పది నెలల ఈ కోర్సుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం మాస్టర్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ పట్టా ఇస్తుంది. వనరుల కేటాయింపు, సరఫరా గొలుసు, వ్యవస్థల విశ్లేషణ, ఆర్థిక నిర్వహణ అందులోని పాఠాలు. ఇక్కడ చదువు సర్వీసుకు అడ్డం కాదు. చదవడమే ఆ ఏడాది ఆఫీసరు డ్యూటీ.

జవానుకు అలాంటి ఏడాది దొరకదు. ఆఫీసరుకు జీతమిచ్చి, తరగతి గదిలో కూర్చోబెట్టి, పట్టా చేతికిస్తారు. జవాను రాత్రి బ్యారక్‌లో దీపాలు ఆర్పేలోగా చదువుకోవాలి. ఈ వ్యత్యాసాన్ని తగ్గించే పని దళాలు చేయగలవు. యూనిట్‌లోని ఎడ్యుకేషన్ హవల్దారుకు ఇగ్నో ఫారాల పని అప్పగించడం, పరీక్షల వారంలో డ్యూటీ మార్చడం, చదువుకునే గది ఒకటి కేటాయించడం ఖర్చులేని పనులు. కమాండింగ్ ఆఫీసరు శ్రద్ధ పెట్టిన యూనిట్లలో ఇవన్నీ జరుగుతున్నాయి.

సర్వీసు చివర్లో పునరావాస డైరెక్టరేట్ జనరల్ నిర్వహించే కోర్సులు మరో రకం. ఆఫీసర్లకు ఐఐఎంల వంటి సంస్థల్లో సుమారు ఆరు నెలల బిజినెస్ మేనేజ్‌మెంట్ కోర్సులు, జవాన్లకు సెక్యూరిటీ, కంప్యూటర్, నిర్వహణ రంగాల్లో కోర్సులు ఉంటాయి. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి గాని ఇచ్చేది సర్టిఫికెట్, డిగ్రీ కాదు. డిగ్రీ ఉండి ఈ సర్టిఫికెట్ తోడైతే దాని విలువ వేరు.

క్రెడిట్ల బ్యాంకు

2021 జూలైలో యూజీసీ నోటిఫై చేసిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ సైనికుడికి బాగా నప్పే ఏర్పాటు. విద్యార్థి పేరున డిజిటల్ ఖాతా ఉంటుంది. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన క్రెడిట్లు అందులో జమవుతాయి. ఒక విశ్వవిద్యాలయంలో సంపాదించినవాటిని మరొక చోట డిగ్రీకి వాడుకోవచ్చు. సాధారణంగా ఏడేళ్ల దాకా చెల్లుతాయి. స్వయం పేరుతో 2017లో మొదలైన ఉచిత ఆన్‌లైన్ వేదికలో మేనేజ్‌మెంట్ కోర్సుల సమన్వయ బాధ్యత ఐఐఎం బెంగళూరుది. విశ్వవిద్యాలయం అనుమతిస్తే ఒక కార్యక్రమంలో 40 శాతం వరకు కోర్సుల క్రెడిట్లను స్వయం ద్వారా తెచ్చుకునే వీలును యూజీసీ కల్పించింది. పాఠాలు ఉచితమే. క్రెడిట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పర్యవేక్షణలో జరిగే పరీక్ష రాయాలి. అమెరికా సైనికుడు రాసే క్లెప్‌కు మన దగ్గర అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లన్న లెక్కతో బడి చదువును, వృత్తి శిక్షణను, పని అనుభవాన్ని ఒకే కొలబద్ద మీదికి తెచ్చింది.

దూరవిద్యలో వచ్చిన పట్టాకు విలువ ఉంటుందా అన్న సందేహం ఇంకా వినిపిస్తూనే ఉంది. యూజీసీ గుర్తించిన సంస్థ, గుర్తించిన కార్యక్రమం అయితే 2020 నాటి దూరవిద్యా నిబంధనల ప్రకారం అది రెగ్యులర్ డిగ్రీతో సమానం. చేరేముందు ఆ ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవాలి. ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ అని స్తంభాల మీద కనిపించే పోస్టర్లకు మాజీ సైనికులు మంచి గిరాకీ. చేతిలో రిటైర్‌మెంట్ డబ్బు, తరుముకొచ్చే ఉద్యోగ నోటిఫికేషన్, డిగ్రీ లేని దిగులు మూడూ కలిసి వచ్చే సమయం అది. సర్వీసు శిక్షణకు క్రెడిట్లు ఇవ్వడం చట్టబద్ధం. అసలు చదువూ పరీక్షా లేకుండా పాత తేదీతో పట్టా ఇవ్వడం మోసం. అలాంటి పట్టాతో ఉద్యోగంలో చేరినవారి సర్టిఫికెట్లు విచారణలో తేలితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది.

పట్టా చేతికొచ్చాక చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. దాన్ని సర్వీసు రికార్డుల్లో ఎక్కించాలి. సైన్యంలో అది పార్ట్ టూ ఆర్డరు ద్వారా జరుగుతుంది. ఆ ఆర్డరు పడితేనే డిశ్చార్జి పుస్తకంలో విద్యార్హతగా డిగ్రీ కనిపిస్తుంది. లేకపోతే ఇంటికొచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకునేటప్పుడు రికార్డు ఆఫీసుతో ఉత్తరాలు నడపాల్సి వస్తుంది. సర్వీసు శిక్షణ క్రెడిట్లు విశ్వవిద్యాలయానికి చేరాయో లేదో కూడా బయటికి రాకముందే చూసుకోవాలి. బయటికొచ్చాక ఆ కాగితాల వెంట పడటం ఎంతో కష్టం.

డిగ్రీతో ఇంటికొచ్చినవారికి తెరుచుకునే ఉద్యోగాలు తక్కువేమీ కావు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ 2 పరీక్షకు డిగ్రీ కావాలి. మాజీ సైనికులకు రిజర్వేషన్‌తో పాటు సర్వీసు కాలాన్ని బట్టి వయోపరిమితిలో సడలింపు ఉంది. బ్యాంకు ఆఫీసరు పోస్టులు, బీమా సంస్థలు, నగరం చుట్టూ ఉన్న గిడ్డంగులు, సరుకు రవాణా సంస్థలు ఉన్నాయి. విజయవాడ జాతీయ రహదారి మీదున్న హయత్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఉన్న ఆ గోదాముల్లో, స్టాకు లెక్క తెలిసి, జీఎస్టీ రిటర్నులు అర్థం చేసుకోగల సూపర్‌వైజరు అవసరం ఎప్పుడూ ఉంటుంది. పైచదువు కావాలంటే ఇగ్నో ఎంబీఏ 116 క్రెడిట్లది, దాన్నీ ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు.

అగ్నివీర్‌కు నాలుగేళ్ల సర్వీసులో డిగ్రీ పూర్తికాకపోతే చదువు పోయినట్టు కాదు. సర్వీసు మొదటి ఏడాది చివర జమ అయిన క్రెడిట్‌కు, అగ్నివీర్ ఇంటికి వచ్చేనాటికి ఇంకా నాలుగేళ్ల చెల్లుబాటు మిగిలి ఉంటుంది. మొదటి ఏడాది చివర నమోదు చేయించుకుంటే ఇగ్నో ఆరేళ్ల గడువులో సగం కూడా అప్పటికి ఇంకా చేతిలో ఉంటుంది. ప్రాంతీయ కేంద్రాన్ని హైదరాబాద్‌కు మార్పించుకుని, మిగిలిన పేపర్లకు ఫారం నింపి, వచ్చే జూన్‌లోనో డిసెంబర్‌లోనో రాయవచ్చు.